క్లాంప్ తీశాక గుండె ఎలా లేస్తుంది: సెయింట్ థామస్, డెల్ నీడో, కస్టోడియాల్ ద్రావణాల సమీక్ష

గుండెను ఆపడం పెద్ద కష్టం కాదు. సరిపడా పొటాషియం కండరానికి చేరితే ఏ కార్డియోప్లీజియా (ఆపరేషన్‌లో గుండెను ఆపే ద్రావణం) అయినా కాసేపట్లోనే ఈసీజీ గీతను చదును చేస్తుంది. అందుకే ఎంత త్వరగా ఆపిందన్న దాన్ని చూసి ద్రావణానికి మార్కులు వేయకూడదు. అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) మీది క్లాంప్ తీసి, గుండె కండరానికి రక్తమిచ్చే కరోనరీల్లోకి మళ్లీ రక్తం వదిలిన మొదటి పది పదిహేను నిమిషాల్లో గుండె ఎలా లేచింది, ఎన్ని షాకులు అడిగింది, పంపు (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) మీది నుంచి దిగడానికి ఎంత అడ్రినలిన్ పట్టింది అన్నవే అసలు మార్కులు. సెయింట్ థామస్ యాంపూల్, థియేటర్‌లోనే కలుపుకునే డెల్ నీడో, జర్మనీ నుంచి వచ్చే కస్టోడియాల్ సంచి: మన థియేటర్లలో కనిపించే ఈ మూడింటినీ ఈ తూకంతోనే చూశాం. చదివేది పర్‌ఫ్యూజనిస్టులు (ఆ పంపు నడిపేవాళ్లు), అనస్థీషియా డాక్టర్లు, థియేటర్ సిస్టర్లు అనుకుని కొలతలు విడమరిచి రాశాం. మీ ఆసుపత్రి రాతపూర్వక ప్రోటోకాల్‌దే చివరి మాట.

ముందు హాని ఎక్కడ జరుగుతుందో చూద్దాం. బీటలు వారిన మడికి తూము మొత్తం ఒక్కసారే ఎత్తేస్తే నీళ్లు ఇంకవు, గట్టు తెగుతుంది. గుండె కండరంలోనూ అదే తంతు. రక్తం ఆగినంతసేపు కణంలో ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని బయటికి నెట్టడానికి కణం సోడియంను లోపలికి రానిస్తుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అడుగంటింది కాబట్టి ఆ సోడియంను తోడిపోసే పంపు నడవదు. చివరికి సోడియం కాల్షియంల మార్పిడి తిరగబడి కాల్షియం లోపల నిండుతుంది. రక్తం తిరిగి రాగానే బయటి ఆమ్లం కొట్టుకుపోతుంది, లోపలి ఆమ్లం ఇంకా జోరుగా బయటికి పరుగెత్తుతుంది, దాంతో సోడియం, దాని వెంట కాల్షియం వరదలా వస్తాయి. కొత్తగా అందిన ఆక్సిజన్‌తో మైటోకాండ్రియా (కణంలోని శక్తి కేంద్రం) కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను వదులుతుంది. ఆమ్లం ఉన్నంతసేపు మూసుకున్న మైటోకాండ్రియా రంధ్రాలు పీహెచ్ మామూలు కాగానే తెరుచుకుంటాయి. ఇదంతా మొదటి కొద్ది నిమిషాల్లోనే జరిగిపోతుంది. మళ్లీ ఏటీపీ దొరికిన కండరపు పోగులు అంత కాల్షియం మధ్య సడలలేక బిగుసుకుపోతాయి. చేత్తో తాకితే రబ్బరులా గట్టిగా తగిలే గుండె ఇదే.

కాబట్టి మంచి ద్రావణం చేయాల్సిన పని ఆపడం ఒక్కటే కాదు. ఆపి ఉంచినంతసేపు సోడియం, కాల్షియం లోపలికి చొరబడకుండా చూడాలి, ఆమ్లాన్ని పీల్చుకోవాలి, కణం వాచకుండా కాయాలి. ఈ మూడు ద్రావణాలూ ఈ పనిని మూడు దారుల్లో చేస్తాయి.

సెయింట్ థామస్ యాంపూల్

లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హర్స్, బ్రెయిమ్‌బ్రిడ్జ్ 1970లలో తీర్చిదిద్దిన ఫార్ములా ఇది. అంతకుముందు 1955లో మెల్‌రోజ్ పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపి చూపాడు గానీ, గాఢత మరీ ఎక్కువై కండరమే దెబ్బతినడంతో ఆ పద్ధతి చాలా ఏళ్లు మూలపడింది. సెయింట్ థామస్ వాళ్లు పొటాషియంను లీటరుకు 16 మిల్లీమోల్ దగ్గర నిలిపి, 16 మిల్లీమోల్ మెగ్నీషియం తోడు చేర్చారు. యాంపూల్ రూపంలో దొరికేదాంట్లో 20 మి.లీ.కి పొటాషియం క్లోరైడ్ 1.193 గ్రాములు, మెగ్నీషియం క్లోరైడ్ 3.253 గ్రాములు, ప్రొకెయిన్ సుమారు 273 మిల్లీగ్రాములు ఉంటాయి. లీటరు రింగర్ (సిరలోకి ఎక్కించే ఉప్పు ద్రవం)లో ఒక యాంపూల్ కలిపి, 4 డిగ్రీలకు చల్లబరిచి ఇస్తారు. మొదటి మోతాదు కిలోకు 10 నుంచి 20 మి.లీ., ఆ తర్వాత ప్రతి 20 నుంచి 30 నిమిషాలకూ దానిలో సగం.

చవక, కలపడం తేలిక, చాలా ఏళ్ల అనుభవం ఉన్న మందు. పదే పదే ఇవ్వాల్సి రావడమే దీని లోపం. ప్రతిసారీ సర్జన్ కుట్టు ఆపాలి, రూట్‌లో (అయోర్టా మొదట్లో) గాలి తీయాలి. వాల్వు పని కోసం అయోర్టా తెరిచి ఉంటే ఆస్టియాల్లో (కరోనరీల నోళ్లలో) విడివిడిగా క్యాన్యులా పెట్టాలి. పని ఒత్తిడిలో 20 నిమిషాలు 35 అవుతుంటాయి. క్లాంప్ తీశాక బద్ధకంగా లేచే గుండెల్లో చాలావాటి రికార్డు చూస్తే, మోతాదుల మధ్య ఈ సాగదీతే కనిపిస్తుంది.

ఇంకో పొరపాటు లెక్కలో జరుగుతుంది. యాంపూల్ కలిపిన లీటరు రింగర్‌లో పొటాషియం 20 మిల్లీమోల్ దాకా ఉంటుంది. దాన్ని నాలుగు పాళ్లు రక్తం, ఒక పాలు ద్రావణం అన్న సెట్‌లో పెడితే కరోనరీకి చేరే పొటాషియం 7 మాత్రమే. గుండె ఆగదు, నెమ్మదిస్తుంది, లేదా ఫిబ్రిలేషన్‌లోకి (లయ తప్పి వణకడంలోకి) పోతుంది. రక్తంతో ఇవ్వాలనుకుంటే యాంపూల్‌ను నేరుగా లీటరు రక్తానికి లెక్కగట్టాలి, లేదా ద్రావణంలో కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) విడిగా పెంచాలి. ఏది చేసినా కాగితం మీద లెక్క వేశాకే చేయాలి. నీరు కలపని యాంపూల్ ఎప్పుడూ ట్రేలో సిరంజిలోకి లాగి ఉండకూడదు. అది పొరపాటున సిర లైన్‌లోకి వెళ్తే ప్రాణమే పోతుంది.

డెల్ నీడో

మూడింటిలో మాకు బాగా నచ్చింది ఇదే. అయితే తప్పులకు ఎక్కువ తావిచ్చేదీ ఇదే. 1990ల మొదట్లో పిట్స్‌బర్గ్‌లో పెడ్రో డెల్ నీడో బృందం పసిపిల్లల గుండెల కోసం చేసిన ఫార్ములా ఇది. పసి గుండె కాల్షియంను తట్టుకోలేదు, అందుకే కాల్షియం లేని ప్లాస్మాలైట్ ఏ ద్రావణాన్ని పునాదిగా ఎంచుకున్నారు. ఆ తర్వాత పెద్దవాళ్ల ఆపరేషన్లకూ వ్యాపించింది.

అసలు ఫార్ములా: ప్లాస్మాలైట్ ఏ 1000 మి.లీ., 20 శాతం మానిటాల్ 16.3 మి.లీ., 50 శాతం మ్యాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) 4 మి.లీ., సోడాబైకార్బ్ 13 మిల్లీ ఈక్వివలెంట్లు, పొటాషియం క్లోరైడ్ 26 మిల్లీ ఈక్వివలెంట్లు, లిగ్నోకెయిన్ 130 మిల్లీగ్రాములు. ఇందులో నాలుగు పాళ్లకు పంపులోని రక్తం ఒక పాలు కలుస్తుంది.

విదేశీ పత్రాల్లో కేసీఎల్, సోడాబైకార్బ్, లిగ్నోకెయిన్ మూడింటికీ ‘13 మి.లీ.’ అనే ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు మన దగ్గర వాడితే రెండు చోట్ల తప్పుతుంది. మన కేసీఎల్ 15 శాతం, 10 మి.లీ. యాంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి కాబట్టి 13 మి.లీ. సరిగ్గా సరిపోతుంది. సోడాబైకార్బ్ మాత్రం ఇక్కడ మామూలుగా 7.5 శాతం, అంటే మి.లీ.కి 0.9 దగ్గర. కాబట్టి 13 కాదు, 14.5 మి.లీ. లాగాలి. లిగ్నోకెయిన్ ఇక్కడ ఎక్కువగా 2 శాతం దొరుకుతుంది. దాన్ని 13 మి.లీ. లాగితే మోతాదు రెట్టింపు, కావాల్సింది 6.5 మి.లీ. అదీ గుండె లయ కోసం సిరలోకి ఇచ్చే, ప్రిజర్వేటివ్ లేని వయల్ నుంచే. మత్తు సూదికి వాడే పెద్ద వయల్స్‌లో ప్యారబెన్ ఉంటుంది, కొన్నింటిలో అడ్రినలిన్ కలిపి ఉంటుంది. లేబుల్ చదవకుండా ముట్టుకోవద్దు.

కలిపే వరస కూడా ముఖ్యమే. మ్యాగ్‌సల్ఫ్, సోడాబైకార్బ్ ఒకే సిరంజిలోకి లాగితే తెల్లటి తెట్టు కడుతుంది. ఒక్కోటి విడి సిరంజితో సంచిలో వేసి, ప్రతిదాని తర్వాత సంచిని నాలుగైదుసార్లు తలకిందులు చేసి, చివర్లో లైటుకు ఎదురుగా పట్టి చూడాలి. కాస్త మబ్బుగా కనిపించినా పారేయాలి. ప్లాస్మాలైట్ ఏ దొరక్కపోతే ఆర్‌ఎల్ (రింగర్ ల్యాక్టేట్) వాడే చోట్లున్నాయి. పని జరుగుతుంది గానీ ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంది, బైకార్బ్‌తో కలిస్తే తెట్టు భయం ఉంటుంది. కాల్షియం తక్కువ ఉండాలన్న అసలు ఉద్దేశం కూడా కొంత దెబ్బతింటుంది. డెల్ నీడో అని పేరు పెట్టి ఆర్‌ఎల్ సంచి వేలాడదీసినప్పుడు ఆ సంగతి రికార్డులో రాయడం మర్యాద. లేకపోతే రేపు ఫలితాలు పోల్చుకోవడానికి అర్థం ఉండదు.

ఇంతకీ ఏది ఏం చేస్తుంది? పొటాషియం కండరాన్ని డీపోలరైజ్ చేసి ఆపుతుంది. ఆ స్థితిలో సోడియం మార్గం పూర్తిగా మూసుకోదు, సన్నగా కారుతూనే ఉంటుంది. ఆ కారే కంతను లిగ్నోకెయిన్ పూడుస్తుంది. మెగ్నీషియం కాల్షియం దారికి అడ్డు నిలుస్తుంది. మానిటాల్ వాపు తగ్గిస్తుంది, ఫ్రీ రాడికల్స్‌ను కొంత పట్టుకుంటుంది. బైకార్బ్, రక్తంలోని హిమోగ్లోబిన్ ఆమ్లాన్ని పీల్చుతాయి. ఆ ఒక పాలు రక్తం ఇంకో మేలు చేస్తుంది: ద్రావణంలో చుక్క కాల్షియం ఉండేలా చూస్తుంది. బొత్తిగా కాల్షియం లేని ద్రవం పోసి, వెంటనే మామూలు రక్తం వదిలితే కణాలు పగిలిపోతాయని జిమ్మర్‌మన్, హుల్స్‌మన్ 1966లోనే చూపించారు. దాన్నే కాల్షియం పారడాక్స్ అంటారు.

మోతాదు కిలోకు 20 మి.లీ., 50 కిలోలు దాటినవాళ్లకు గరిష్ఠంగా లీటరు. వేడి 8 నుంచి 12 డిగ్రీల మధ్య. ఒక మోతాదుతో 90 నిమిషాల వరకు పని నడుస్తుంది. లీటరు మోతాదులో రోగికి చేరే లిగ్నోకెయిన్ 100 మిల్లీగ్రాముల లోపే కాబట్టి మొదటి మోతాదుకు భయం లేదు. సమయం మించి రెండో మోతాదు ఇస్తే సగానికి మించకుండా చూసుకోవాలి. గుండె మందకొడిగా లేవడానికి ఆ లిగ్నోకెయినే కారణం కావచ్చని గుర్తుంచుకోవాలి.

ఇక ట్యూబుల సంగతి. డెల్ నీడో వాడే థియేటర్లలో ఇంతకంటే ప్రమాదకరమైన చిన్న తప్పు లేదు. మామూలు రక్త కార్డియోప్లీజియా సెట్‌లో ఒకే రోలర్ కింద రెండు ట్యూబులు పోతాయి: పావు అంగుళంది రక్తానికి, అందులో సగం వెడల్పున్నది ద్రావణానికి. వెడల్పు రెట్టింపైతే లోపలి ఖాళీ నాలుగింతలు, అందుకే నాలుగుకు ఒకటి నిష్పత్తి. డెల్ నీడోకు ఇది తిరగబడాలి. పావు అంగుళం ట్యూబు ద్రావణం సంచికి, సన్నది ఆక్సిజనేటర్ రక్తానికి. పాత అలవాటుతో బిగిస్తే సంచిలోని 29 పొటాషియం కరోనరీలో 9 అవుతుంది, సరిగ్గా ఉంటే 24 వస్తుంది. ప్రైమ్ చేసేటప్పుడే (ట్యూబులు ద్రవంతో నింపేటప్పుడే) తెలుసుకోవచ్చు: హీట్ ఎక్స్ఛేంజర్ దాటాక ట్యూబులో రంగు పలచటి గులాబీగా ఉండాలి. ముదురు ఎరుపు కనిపించిందంటే పంపు ఆపి ట్యూబులు చూడండి.

క్లాంప్ తీశాక డెల్ నీడో గుండె ప్రవర్తన మనసుకు హాయిగా ఉంటుంది. కొన్ని నిమిషాలు కదలక పడుకుంటుంది, తర్వాత తనంతట తాను సైనస్ లయలోకి (గుండె మామూలు లయలోకి) వస్తుంది. 2018లో అమెరికాలో 89 మంది పెద్దవాళ్ల మీద చేసిన రాండమైజ్డ్ అధ్యయనంలోనూ షాక్ లేకుండా లయ తిరిగి వచ్చినవాళ్లు డెల్ నీడో వైపే ఎక్కువ. ఆ పడుకున్న నిమిషాల్లో కంగారుపడి అడ్రినలిన్, కాల్షియం గుప్పించడమే చెడ్డ పని. ఓపిక పట్టండి, పేసింగ్ తీగ చేతిలో ఉంచుకోండి.

కస్టోడియాల్

జర్మన్ శాస్త్రవేత్త బ్రెట్‌ష్నైడర్ పరిశోధనల నుంచి పుట్టిన హెచ్‌టీకే (హిస్టిడిన్, ట్రిప్టోఫాన్, కీటోగ్లుటరేట్) ద్రావణం. దారి పూర్తిగా వేరు: సోడియం లీటరుకు 15 మిల్లీమోల్ మాత్రమే. సోడియం లేకపోతే కండరానికి విద్యుత్ తరంగమే పుట్టదు, పొటాషియం 9 దగ్గరే ఉన్నా గుండె ఆగుతుంది. 198 మిల్లీమోల్ హిస్టిడిన్ ఆమ్లాన్ని గట్టిగా పీల్చుతుంది. తోడుగా ట్రిప్టోఫాన్, మానిటాల్, కీటోగ్లుటరేట్ ఉంటాయి. ఒక మోతాదుతో రెండు గంటలు దాటినా పని నడపవచ్చు. ఆర్చ్ (అయోర్టా వంపు) ఆపరేషన్లు, రెండు వాల్వులు, కీహోల్ ద్వారా చేసే మైట్రల్ రిపేరు వంటి చోట్ల, మధ్యలో ఆపి మళ్లీ మందు ఇవ్వడం కష్టమైన చోట్ల దీని ఖరీదుకు న్యాయం జరుగుతుంది. గంటలో అయిపోయే బైపాస్‌కు దీన్ని తెరవడం డబ్బు వృథా అని మా గట్టి అభిప్రాయం.

దీనికి తొందర పనికిరాదు. గుండె బరువు గ్రాముకు నిమిషానికి 1 మి.లీ. చొప్పున 6 నుంచి 8 నిమిషాలు పోయాలి. 60 కిలోల మనిషి గుండె సుమారు 300 గ్రాములనుకుంటే నిమిషానికి 300 మి.లీ., మొత్తం రెండు లీటర్ల పైచిలుకు. గుండె ఆగేదాకా 80 నుంచి 100 మి.మీ. మెర్క్యురీ పీడనం, ఆగాక 40 నుంచి 50. రెండు నిమిషాల్లో లీటరు తోసేసి ‘ఆగిందిగా’ అని ముగిస్తే హిస్టిడిన్ కణాల మధ్యకు చేరదు. రక్షణ అక్కడే సగమవుతుంది.

ఆ రెండు లీటర్లు రోగి రక్తంలో కలిస్తే సోడియం 120లలోకి పడిపోతుంది. కుడి ఏట్రియం తెరిచి ఉంటే కరోనరీ సైనస్ (గుండె కండరపు రక్తం తిరిగొచ్చే పెద్ద సిర) నుంచి వచ్చేదాన్ని విడిగా సక్షన్‌తో తీసేయాలి, లేకపోతే పంపు మీద హీమోఫిల్ట్రేషన్ (అదనపు ద్రవాన్ని వడకట్టడం) చేయాలి. ఒక జాగ్రత్త: ఇది నీళ్లు కలిసి వచ్చిన సోడియం లోపం కాదు, ద్రావణం ఆస్మోలాలిటీ 310 ఉంటుంది. అంకె చూసి బెదిరి 3 శాతం సెలైన్ ఎక్కిస్తే మెదడుకు చేటు.

క్లాంప్ తీశాక కస్టోడియాల్ గుండె తరచుగా ఫిబ్రిలేషన్‌తో లేస్తుంది. ఇది కండరం చచ్చిందనడానికి గుర్తు కాదు. వేడి 34 డిగ్రీలు దాటనివ్వండి, పొటాషియం 4.5 దగ్గరకు తీసుకురండి, మెగ్నీషియం 2 గ్రాములు ఇవ్వండి, సగటు పీడనం 60 దాటాక లోపలి ప్యాడిల్స్‌తో 10 నుంచి 20 జౌల్స్ ఇస్తే సాధారణంగా నిలబడుతుంది. చల్లటి గుండెకు షాకు మీద షాకు ఇవ్వడం మాత్రం కండరాన్ని కాల్చడమే.

ద్రావణం ఎంత గొప్పదైనా కండరానికి చేరకపోతే లాభం లేదు. అయోర్టిక్ వాల్వు కారుతుంటే రూట్‌లో పోసినది ఎడమ జఠరికలోకి పోయి గుండె ఉబ్బుతుంది. అప్పుడు అయోర్టా తెరిచి ఆస్టియాల్లోకే ఇవ్వాలి. వెనక నుంచి, కరోనరీ సైనస్‌లో ఇచ్చేటప్పుడు పీడనం 40 దాటకూడదు. దాటితే సైనస్ చిరిగే ప్రమాదముంది. 20 కన్నా తక్కువ చూపిస్తుంటే క్యాన్యులా జారిందేమో చూడాలి. వెనక దారి కుడి జఠరికను సరిగా తడపదు, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఐసు గుజ్జు గుండె చుట్టూ పోస్తే ఫ్రెనిక్ నరం (ఊపిరి కండరానికి వెళ్లే నరం) దెబ్బతినే ప్రమాదముంది. అవసరమైతే మధ్యలో మెత్తటి గుడ్డ వేయాలి.

క్లాంప్ తీసే ఘడియ

సెయింట్ థామస్ వాడినప్పుడు క్లాంప్ తీసే ముందు 37 డిగ్రీల గోరువెచ్చటి రక్త కార్డియోప్లీజియా 3 నుంచి 5 నిమిషాలు, పీడనం 50 దాటకుండా ఇవ్వడం మంచి పద్ధతి. గుండె ఇంకా ఆగే ఉంటుంది, ఖర్చు తక్కువ, వచ్చిన ఆక్సిజన్‌తో ఇల్లు చక్కదిద్దుకుంటుంది. 37 డిగ్రీల్లో పని చేస్తున్న గుండెకు 100 గ్రాముల కండరానికి నిమిషానికి 8 నుంచి 10 మి.లీ. ఆక్సిజన్ కావాలి, ఆగిన గుండెకు 1 చాలు. డెల్ నీడోకు ఈ వెచ్చటి మోతాదు సాధారణంగా అవసరం పడదు.

క్లాంప్ తీసే క్షణంలో పంపు ఫ్లో తగ్గించండి. మొదటి రెండు మూడు నిమిషాలు సగటు పీడనం 50 నుంచి 60 మధ్య ఉంచి, ఆపై నెమ్మదిగా 70కి తెండి. వెంట్ (ఎడమ జఠరికను ఖాళీగా ఉంచే గొట్టం) ఆపొద్దు, ఎడమ జఠరిక ఉబ్బితే లోపలి పొరకు రక్తం అందదు. ఆక్సిజన్ శాతాన్ని ఊరికే వంద దగ్గర పెట్టకండి. రక్తానికి, నీళ్ల బాత్‌కు మధ్య తేడా 10 డిగ్రీలు మించనివ్వకండి. కాల్షియం కనీసం 10 నుంచి 15 నిమిషాలు ఆగాకే. ఉప్పెనలో ఉన్న కణానికి ఇంకో బిందె నీళ్లు ఎందుకు?

ఈ నెమ్మదికి ఒకే ఒక మినహాయింపు ఉంది. కుడి కరోనరీ నోరు అయోర్టా ముందువైపున, పడుకున్న మనిషిలో పైవైపున ఉంటుంది కాబట్టి మిగిలిన గాలి బుడగ ముందు అందులోకే పోతుంది. కుడి జఠరిక ఉబ్బి, రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ పైకి లేస్తే పీడనం పెంచి ఆ గాలిని అవతలికి తోయాల్సిందే. కాబట్టి పీడనం తక్కువగా ఉంచాలనే నియమం ఎంత ముఖ్యమో, గాలిని ముందే పూర్తిగా తీయడం అంతకంటే ముఖ్యం.

రక్త ప్రసారం తిరిగి వచ్చేటప్పుడు గుండెను కాపాడతాయని చెప్పే ఇతర సరుకుల గురించి కూడా కొనుగోలు విభాగాలు అడుగుతుంటాయి. చేతికి కఫ్ కట్టి బిగించి వదిలే పద్ధతి గుండె ఆపరేషన్లలో మేలు చూపలేదు. 2015లో వచ్చిన ఎరిక్కా, రిప్‌హార్ట్ అనే రెండు పెద్ద అధ్యయనాలూ అదే తేల్చాయి. గుండెపోటుకు యాంజియోప్లాస్టీ చేయించుకున్న 5 వేల మందికి పైగా చేరిన 2019 అధ్యయనంలోనూ ఫలితం లేదు. సైక్లోస్పోరిన్ కూడా 2015లో సర్కస్ అధ్యయనంలో తేలిపోయింది. కుక్కల గుండెల్లో 1986లో మర్రీ, జెన్నింగ్స్, రీమర్ చూపిన ప్రీకండిషనింగ్ (ముందే కొద్దికొద్దిగా రక్తం ఆపి గుండెను గట్టిపరచడం) నిజమే, కానీ దాన్ని పెట్టెలో పెట్టి అమ్మేదాకా రాలేదు. ఆ డబ్బును కచ్చితమైన టెంపరేచర్ ప్రోబ్‌కు, రూట్ పీడనం చూపే ట్రాన్స్‌డ్యూసర్‌కు పెట్టండి.

మా మార్కులు: 90 నిమిషాల లోపు పనికి, పిల్లల ఆపరేషన్లకు డెల్ నీడోకు 5కు 4.5. ఆ అర మార్కు కలిపేటప్పుడు, బిగించేటప్పుడు జరిగే తప్పులకు కోత. పొడవైన, మధ్యలో ఆపడం కుదరని పనికి కస్టోడియాల్‌కు 4, చిన్న పనికి 2. సెయింట్ థామస్‌కు 3.5, గడియారం చూసి మోతాదు గుర్తుచేసే మనిషి థియేటర్‌లో ఉంటే 4.

కొత్తగా మారాలనుకునేవాళ్లు మొదటి ఇరవై కేసులకు ఒక కాగితం పెట్టుకోండి. సంచి మీద కలిపిన గంట, కలిపినవారి సంతకం, రెండో మనిషి సరిచూసిన సంతకం ఉండాలి. కాగితంలో ప్రతి మోతాదు గంట, కరోనరీకి వెళ్లిన ద్రవం వేడి, రూట్ పీడనం, క్లాంప్ తీసినప్పటి నుంచి మొదటి దెబ్బ దాకా పట్టిన నిమిషాలు, షాకులు ఎన్ని, పది నిమిషాలకు పొటాషియం ఎంత, పంపు దిగేటప్పుడు ఏ మందులు ఎంత, మరుసటి ఉదయం ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) ఎంత అన్నవి రాయండి. ద్రావణం మార్చిన నెలలోనే సర్జన్‌నో సెట్‌నో కూడా మార్చొద్దు. మారిస్తే ఆ కాగితం దేని గురించి చెబుతోందో ఎవరికీ తెలియదు.